లేని సొమ్ముకు లెక్కలు

కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి చేలల్లో తొలకరి పడిందంటే చాలు, జనం వజ్రాల కోసం నడుం వంచి నేలంతా గాలిస్తారు. కూలి మనిషికి దొరికిన రాయిని వ్యాపారి కారుచౌకగా కొట్టేస్తే కొట్టేయొచ్చు గానీ, రాయి మాత్రం నిజం. సత్యం కంప్యూటర్స్ కథలో ఆ రాయే లేదు.

1987లో సికింద్రాబాద్‌లో కొద్దిమందితో మొదలైన సాఫ్ట్‌వేర్ కంపెనీ అది. పెట్టింది భీమవరం వైపు రైతు కుటుంబానికి చెందిన బైర్రాజు రామలింగరాజు, ఆయన తమ్ముడు రామరాజు. 2001లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజి మెట్లెక్కింది. పత్తి అమ్మిన డబ్బుతో కొడుకును ఇంజినీరింగ్ చదివించిన ఆదోని వైపు తండ్రికి, ఆ కంపెనీలో కొలువంటే ఇల్లు గట్టెక్కినట్టే. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు కూడా రామలింగరాజు ఆలోచనే. అందుకే ఆ మనిషిని దొంగ అని ఒక్క ముక్కతో కొట్టిపారేయడం నాకిప్పటికీ చేతకాదు.

మోసం చిన్నగానే మొదలైంది. లాభం అనుకున్నంత రాని త్రైమాసికంలో కాస్త కలిపి చూపారు. మరుసటిసారి ఆ కలిపినదాని మీద ఇంకాస్త. సీబీఐ లెక్క ప్రకారం దొంగ ఇన్వాయిస్‌లు 7,561. కంప్యూటర్‌లో వాటికి ‘హెచ్’ అనే గుర్తు తగిలిస్తే, పని చేసే విభాగాల తెరల మీద కనిపించేవి కావు. ఆదాయం లెక్కలో మాత్రం చేరిపోయేవి. రాని ఆ డబ్బు ఎక్కడుందంటే చూపించడానికి బ్యాంకుల పేరిట దొంగ ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు. ఆడిటర్లు బ్యాంకును నేరుగా గట్టిగా అడిగి ఉంటే ఒక్క మధ్యాహ్నంలో తేలిపోయే సంగతి!

2008 డిసెంబర్ 16న, రామలింగరాజు కొడుకుల చేతిలో ఉన్న, భూములు, నిర్మాణాల వ్యాపారంలోని రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటామన్నారు. లేని నగదు స్థానంలో ఉన్న భూముల్ని పెట్టాలన్నది ఎత్తు. హార్వర్డ్ ప్రొఫెసర్ కూర్చున్న బోర్డు సరేనంది. మదుపరులు మండిపడితే గంటల్లో వెనక్కి తగ్గారు. ఇక దాచడానికి చోటు లేదు.

2009 జనవరి 7న ఉత్తరం బయటికొచ్చింది. పుస్తకాల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని ఛైర్మన్ రామలింగరాజే రాసిచ్చాడు. ఆ ఒక్కరోజే వాటా ధరలో నాలుగింట మూడొంతులకు పైగా తుడిచిపెట్టుకుపోయింది. దాదాపు యాభైవేల మంది ఉద్యోగుల ఇళ్లలో ఆ రాత్రి జీతం గురించే మాట. రెండురోజులకు అన్నదమ్ములు అరెస్టయ్యారు.

మోసం చేసిన కంపెనీని జైల్లో పెట్టలేకపోయినా విచారించి జరిమానా వేయొచ్చని స్టాండర్డ్ చార్టర్డ్ బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు 2005లోనే తేల్చింది. అయినా సత్యం విషయంలో ప్రభుత్వం తెలివిగానే నడిచింది: పాత బోర్డును రద్దుచేసి కంపెనీని నిలబెట్టింది, మనుషుల్ని కోర్టుకు పంపింది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు ఇద్దరు ఆడిటర్లతో సహా పదిమందికి ఏడేళ్ల జైలు విధించింది. నెల తిరిగిందో లేదో బెయిలు. ఈలోగా 2013 కంపెనీల చట్టం వచ్చింది. కంపెనీ మోసానికి 447వ సెక్షన్ కింద పదేళ్ల దాకా శిక్ష, ఆడిటర్లను కొన్నేళ్లకోసారి మార్చాలన్న నియమం అందులోవే.

నాకు మింగుడుపడనిది శిక్షల సంగతి కాదు. అమెరికాలో వాటాలు కొన్నవాళ్లు అక్కడ ఉమ్మడిగా దావా వేస్తే, కంపెనీ 2011లో 12.5 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీపడింది. ఆ వాటానే ఇక్కడ రూపాయల్లో కొన్న పింఛనుదారుకు పైసా దక్కలేదు, ఎందుకంటే 1956 చట్టంలో అలాంటి దావాకు దారే లేదు. ఆ దారి వేసిన 245వ సెక్షన్ అమల్లోకి వచ్చింది 2016 జూన్‌లో. అప్పటికి సత్యం టెక్ మహీంద్రాలో కలిసిపోయి మూడేళ్లు.