విశాఖపట్టణ పునర్దర్శనము



“చూచిన యూరే కదా, మరల చూచుట యెందులకు?” అని మన పల్లెలలో పెద్దలు తఱచుగా నడుగుచుందురు. సెలవులు రాగానే పిల్లలు విశాఖపట్టణము పోదమందురు. సముద్రము చూచితిమి, అప్పన్నను సేవించితిమి, ఇక చాలునని తాతలందురు. ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. డబ్బు ఖర్చు, ప్రయాణపు బడలిక, పశువులను పొరుగువారి కప్పగించి పోవుట, ఇవి యన్నియు నిజమైన చిక్కులే. అయినను, చూచిన పట్టణమును కుటుంబముతో మరల చూచుటలో తొలిచూపునకు లేని ప్రయోజన మొకటి కలదని నేడు మనవి చేయదలచితిని. తొలిసారి పోయినవాడు పట్టణమును చూచును. మరల పోయినవాడు దాని మార్పును చూచును. మార్పును చూచినవానికే “ఇది యేల యిట్లయినది?” అను సందేహము కలుగును. చరిత్ర కదియే మొదలు.

విశాఖకు మరల మరల పోవుట క్రొత్త యాచారము కాదు. సింహాచలమున 11వ శతాబ్దపు చివరినాటి కులోత్తుంగ చోళుని కాలపు శాసనము కలదు. 13వ శతాబ్దమున గాంగరాజగు నరసింహదేవుని కాలమున ఆలయము పునర్నిర్మితమయ్యెను. 1516వ సంవత్సరమున శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో నిచ్చటికి వచ్చి, తన పేరను, దేవేరుల పేరను స్వామికి ఆభరణములు సమర్పించెను. రాజుల రాక శాసనముల కెక్కినది. రైతుకుటుంబముల రాక యెక్కలేదు. అయినను ఏటేట వైశాఖ శుద్ధ తదియనాడు, చందనము తొలగించిన స్వామి నిజరూపమును దర్శించుటకై, బండ్లు కట్టుకొని, కాలినడకను, పిల్లల నెత్తుకొని తరతరములుగా వచ్చినవారు వారే.

గాలిమార్పు కొఱకు వచ్చుట తరువాతి మాట. 1893 మొదలు 1896 వఱకు తూర్పుతీరపు రైలుమార్గము పడినది. 1900వ సంవత్సరమున గోదావరిపై వంతెన మీద బండ్లు నడచినవి. అటుపిమ్మట చెన్నపట్టణమునుండియు, వంగదేశమునుండియు కుటుంబములు సముద్రపుగాలి కోరి వాల్తేరు మెట్టలకు రాసాగెను. రైలు స్టేషనునకు వాల్తేరు అను పేరు 1987 వఱకు నిలిచినది. నేటికిని మన పెద్దలు కొందఱు “వాల్తేరులో దిగితిమి” అనియే యందురు.

ఇక కుటుంబము సంగతి. ఒక్క యింటివారికే విశాఖ యొక్కటి కాదు. మా తండ్రిగారి విశాఖ వేఱు, నా విశాఖ వేఱు, నా కుమారునిది వేఱు, మనుమనిది వేఱు.

మా తండ్రిగారి విశాఖ రేవుపట్టణము. పూర్వ మిచ్చట ఓడలకు మఱుగు లేదు. అవి నడిసముద్రమున లంగరు వేసి నిలువగా, మసూలా పడవలవారు అలల కెదురేగి సరకులను, మనుష్యులను చేరవేయుచుండిరి. 1804వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన ఫ్రెంచి నౌకలు వచ్చి, ఈ తీరమున నిలిచియున్న ఇంగ్లీషు యుద్ధనౌకపై ఫిరంగులు పేల్చినపుడు, దానికి దాగుటకు తావు లేకపోయెను. అట్టి చోట యారాడకొండ ప్రక్కనున్న ఉప్పుటేటి బురదను త్రవ్వి, లోతుచేసి, రేవు కట్టిరి. మధ్యపరగణాలలోని మాంగనీసు ఖనిజము సముద్రమును చేరుటకు దారి కావలసియుండుట దీనికి ముఖ్యకారణము. అందులకే 1931 నాటికి రాయపూరునుండి విజయనగరమునకు రైలు పూర్తిచేసిరి. రేవు ముఖద్వారమున అలల తాకిడిని, ఇసుక మేటను అరికట్టుటకై రెండు పాత ఓడలను రాళ్లతో నింపి ముంచివేసిరి. 1933వ సంవత్సరము అక్టోబరు 7వ తేదీన “జలదుర్గ” యను ఓడ లోనికి వచ్చెను. డిసెంబరు 19వ తేదీన రాజప్రతినిధి విల్లింగ్డన్ ప్రభువు రేవును ప్రారంభించెను.

1941 జూన్ 21వ తేదీన బాబూ రాజేంద్రప్రసాదుగారు సింధియా నౌకాకర్మాగారమునకు శంకుస్థాపన చేసిరి. సంవత్సరము తిరుగకమునుపే, 1942 ఏప్రిల్ 6వ తేదీన, జపాను విమానములు పట్టణముపై బాంబులు వేసెను. జనులు మూటలు కట్టుకొని పల్లెలకు పరుగెత్తిరి. పట్టణము పల్లెకు శరణుజొచ్చిన దినము లవి. ఆనాడు తమ వసారాలలో పట్టణపు బంధువులకు చోటిచ్చిన యిండ్లు మన జిల్లాలలో నెన్నియో కలవు. యుద్ధము ముగిసినపిదప, 1948 మార్చి 14వ తేదీన, ఆ కర్మాగారమున కట్టిన “జల ఉష” యను ఓడను నెహ్రూగారు నీటిలోనికి దింపిరి.

నా విశాఖ యుక్కు విశాఖ. 1966లో “విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు” అను కేక ఊరూర మ్రోగినది. అక్టోబరులో అమృతరావుగారు నిరాహారదీక్ష పట్టిరి. నవంబరు 1వ తేదీన విశాఖలో కాల్పులు జరిగినవి. ఉద్యమమున రాష్ట్రమంతట 32 మంది ప్రాణములు కోల్పోయిరని చెప్పుదురు. 1970 ఏప్రిల్ 17వ తేదీన పార్లమెంటులో ప్రకటన వెలువడెను. 1971 జనవరి 20వ తేదీన ఇందిరాగాంధిగారు శంకుస్థాపన చేసిరి. ఆ యేడే డిసెంబరు 3వ తేదీ రాత్రి పాకిస్తాను జలాంతర్గామి “ఘాజీ” విశాఖ తీరమునకు చేరువలో మునిగిపోయెను.

నా కుమారుని విశాఖలో ఆ కర్మాగారము కొలుములు మండుచుండెను. 1990లో తొలి కొలిమి వెలిగినది. కొలుములకు గోదావరి, కృష్ణ యని మన నదుల పేళ్లు పెట్టిరి. 1992 ఆగస్టు 1వ తేదీన పి. వి. నరసింహారావుగారు దానిని జాతి కంకితము చేసిరి. ఇక నా మనుమని విశాఖలో, 2002లో సముద్రతీరమునకు చేర్చి ప్రదర్శనశాలగా చేసిన “కుర్సురా” జలాంతర్గామియే ప్రధానము. అది యచ్చట ననాదిగా నున్నదని వాని నమ్మకము.

ఇట్లు నాలుగు తరముల చూపులు ఒక్కచోట కలిసిననే పట్టణము నిజరూపము తెలియును. మొన్నటి సంక్రాంతి సెలవులలో మేమందఱము కూర్మన్నపాలెము వైపు బస్సులో పోవుచుంటిమి. “తాతయ్యా, ఈ కర్మాగారమునకు ముందు ఇక్కడ ఏముండెడిది?” అని మనుమడు నన్నడిగెను. నేను నోరు విప్పకమునుపే ప్రక్కన కూర్చున్న వృద్ధుడు కిటికీ లోనుండి వ్రేలు చూపి, “ఆ గొట్టం కాడే మా కళ్లం ఉండీది, బాబూ” అనెను. అంతకుమించి యతడేమియు ననలేదు. పిల్లవాడు మాత్రము మా దిగవలసిన తావు వచ్చువఱకు ఆ వైపే చూచుచుండెను.

ఆ కర్మాగారము కొఱకు వేలకొలది యెకరముల భూమిని, ఎన్నియో గ్రామములను తీసికొనిరి. ఇండ్లు, పొలములు, తోపులు, గ్రామదేవతల గుళ్లు విడిచి జనులు పునరావాసపు కాలనీలకు పోయిరి. అందఱికిని కొలువులు దొరకలేదు. 2021 జనవరి 27వ తేదీన ఆ కర్మాగారమును ప్రైవేటుపరము చేయుటకు కేంద్రమంత్రుల సంఘము సూత్రప్రాయముగా నంగీకరించినపుడు, నిర్వాసితులును కార్మికులతోపాటు వీథులకెక్కిరి. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల సహాయము ప్రకటితమయ్యెను. లెక్కలు కాగితములలో నుండును. కళ్లమెచ్చట నుండెడిదో యే కాగితమును చెప్పదు. అది పెద్దవారి నోటనే యున్నది.

నోటిమాటకు విలువ యేమని సందేహింపవలదు. భీమిలి మార్గమున తొట్లకొండ కలదు. 1976లో నౌకాదళమువారు ఆ ప్రాంతమును సర్వే చేయునపుడు అచ్చటి బౌద్ధవిహారపు జాడ బయటపడెను. 1988 మొదలు జరిగిన త్రవ్వకములలో స్తూపములు, భిక్షువుల గదులు, రోమక నాణెములు కనబడినవి. రెండువేల యేండ్లనాడు ఈ తీరమునకు సముద్రాంతర వ్యాపారముండెనని తెలిసినది. ఆ భిక్షువులు వాననీటికై రాతిలో తొలిచిన తొట్లను బట్టియే కొండకా పేరు. విహారము మట్టిలో కలిసినను, విహారమన నేమో యెఱుగని పల్లెవారి నోట తొట్లమాట నిలిచినది. పండితుల పలుగుకంటె ముందు వారి పలుకే ఆ చరిత్రను కాపాడెను.

కావున మీ పిల్లలు మరల విశాఖ పోదమన్నపుడు కాదనకుడు. సింహాద్రి నెక్కుడు, పిమ్మట పాతపట్టణమునకు పొండు. అచ్చట వేంకటేశ్వరుని కొండ, దర్గా కొండ, మేరీమాత చర్చియున్న రాసుకొండ ఒకదాని ప్రక్క నొకటి నిలిచియున్నవి. పూర్వము రేవున వచ్చుపోవు ఓడలు దర్గాకు జెండా దించి యెత్తి వందన మొనర్చెడివట. ఆ కొండలమీదనుండి రేవు ద్వారమును చూపి, పడవలవారి మాట చెప్పుడు. తొట్లకొండయందు తొట్లను చూపుడు. ఉక్కునగరము దారిలో ఊళ్ల పేళ్లు తలచుడు. మీ చుట్టములలో ఆ రేవున మూటలు మోసినవారు, ఆ కొలుములయొద్ద పనిచేసినవారు, ఆ భూము లిచ్చినవారు ఉందురు. వారి పేళ్లతో చెప్పుడు. పిల్లలకు సముద్రము, మిఠాయి, బొమ్మలు ఎటులను దొరకును. ఈ మాటలు మాత్రము మీరు చెప్పిననే దొరకును. మీరు ఇంటికడ నిలిచిపోయినచో వారు మార్పునే చూతురు గాని, దేని స్థానమున నేది వచ్చినదో యెఱుగరు.