కంప్యూటరులో తెలుగక్షరము చెదరుట: దాని చరిత్ర, దాని చికిత్స

ఇంటింట కంప్యూటరు వెలసిన ఈ కాలమున తెలుగువారికి తరచుగా కలుగు ఒక చిక్కును గూర్చి నేడు ప్రసంగింపదలచితిని. పట్టణమునుండి కుమారుడో మనుమడో పంపిన తెలుగు పత్రమును తెరచినంతనే, అక్షరములకు మారుగా ఖాళీ గళ్ళు వరుసగా కనబడును. ఒకప్పుడు ఆంగ్లవర్ణములును విరామచిహ్నములును కలగాపులగముగా కనబడును. ఇంకొకప్పుడు ఒకే వింతగుర్తు మాటిమాటికి వచ్చుచుండును. మరియొకప్పుడు అక్షరము సరిగానే యుండి ఒత్తు మాత్రము ప్రక్కకు తొలగి నిలుచును. యంత్రము చెడినదని కొందరును, పత్రమే నశించినదని కొందరును తలచి దానిని తుడిచివేయుచున్నారు. యథార్థమునకు యంత్రమునకు దోషము లేదు. పెక్కుసారులు పత్రమునకును నాశము లేదు. ఈ నాలుగు వికారములును నాలుగు వేరువేరు కారణములవలన బుట్టినవి. ఆ కారణములకు చరిత్ర కలదు. ఆ చరిత్ర నెరిగినవారికి చికిత్స సులభము.

మొదట నొక మూలసూత్రము. కంప్యూటరునకు అక్షరము తెలియదు, సంఖ్య మాత్రమే తెలియును. మనము వ్రాసిన ప్రతి వర్ణమునకును ఒక సంఖ్య నిర్ణయింపబడి యుండును. ఫైలులో దాచబడునవి ఆ సంఖ్యలే. తెరపై చూపవలసివచ్చినప్పుడు ఫాంటు అను అచ్చుపెట్టె ఆ సంఖ్యకు దగిన రూపము నిచ్చును. వ్యాకరణము చదివినవారికి ఈ భేదము క్రొత్తది కాదు. వర్ణము వేరు, లిపి వేరు. తాటాకుపై గంటముతో గీసినను, పలకపై బలపముతో దిద్దినను, సీసపు అచ్చుతో నొత్తినను ‘క’ యను వర్ణ మొక్కటియే. కంప్యూటరులో తెలుగు పడిన పాట్లన్నియు ఈ భేదమును విస్మరించుటవలన గలిగినవి.

1963వ సంవత్సరమున అమెరికాలో ఆస్కీ యను సంఖ్యాపట్టిక యేర్పడినది. అందలి స్థానములు 128. ఆంగ్లమునకు పెద్దవి, చిన్నవి కలిపి 52 వర్ణములు, అంకెలు, విరామచిహ్నములు, యంత్రమునకు వలయు కొన్ని ఆజ్ఞలు, ఇవన్నియు అందు సుఖముగా నిమిడినవి. తరువాత ఆ పట్టికలు 256 స్థానములకు పెరిగినవి. అయినను అవి తెలుగునకు చాలునా? మన 36 హల్లులకు 16 గుణింతముల చొప్పున లెక్కించినను 576 రూపములగును. ద్విత్వములు, సంయుక్తములు చేర్చినచో వేలకు పోవును. రూపమునకొక సంఖ్య యని పూనుకొన్నవారికి ఆ ఇరుకింట తెలుగు పట్టదు.

మన దేశమున ఈ చిక్కునకు మొదటి సరియైన పరిష్కారము 1980 తరువాతి దశకమున వచ్చినది. కాన్పూరులోని ఐఐటీలో ఆరంభమైన కృషిని, 1988లో పుణెయందు స్థాపింపబడిన సీడాక్ సంస్థ కొనసాగించినది. ఆ కృషి ఫలితముగా ఇస్కీ యను పట్టిక 1988లో రూపొంది, 1991లో భారత ప్రమాణముగా ప్రకటింపబడినది. అందలి యుపాయ మిది: సంఖ్య రూపమునకు గాక వర్ణమునకే యీయవలెను. ‘క్ష’ కు వేరు స్థానము వలదు. ‘క’, పొల్లు, ‘ష’ అని మూడు సంఖ్యలు వరుసగా దాచినచో, వాని నొకటిగా కూర్చి చూపుట ఫాంటు పని. ఇది మన శిక్షాశాస్త్రము చెప్పిన మార్గమే.

అయితే మన యూళ్ళ ముద్రణాలయములు వేరొక త్రోవ పట్టినవి. 1985లో వెలువడిన పేజిమేకరు అను పుటలకూర్పు సాధనము 1990 తరువాత తెలుగుదేశమున వ్యాపించినది. అది ఆంగ్లమునకై పుట్టినది, ఇస్కీ నెరుగదు. అందుచే అను, శ్రీలిపి మొదలగు పేర్లతో వెలసిన తెలుగు ఫాంటులు ఒక చమత్కారము చేసినవి. ఆంగ్లవర్ణముల పీఠములపై తెలుగు ముక్కలను కూర్చుండబెట్టినవి. ఒక పీఠమున తలకట్టు, ఒకదానిపై గుడి, వేరొకదానిపై ఒత్తు. కంటికి తెలుగు కనబడును. యంత్రము మాత్రము తాను ఆంగ్లమును దాచుచున్నానని నమ్మియుండును. పైగా ఒక్కొక్క సంస్థ ముక్కలను ఒక్కొక్క క్రమమున నమర్చినది. అందుచే ఒకరి ఫైలు మరియొకరి ఫాంటునకు లొంగదు. వారిని నిందింపరాదు. నాడు కావలసినది కాగితముపై అచ్చు. ఆ అచ్చు చక్కగా పడినది. పత్రికలును పుస్తకములును వారి సాయముననే వెలువడినవి. కాని కాగితము బయటకు వచ్చిన పిదప మిగిలిన ఫైలు గతియేమని నాడు యోచించినవారు తక్కువ.

నేను పనిచేసిన పాఠశాల స్వర్ణోత్సవ సంచికను 2002లో ప్రకటించితిమి. అందు మా గ్రామచరిత్రమును నలుగురు వృద్ధులు చెప్పగా వ్రాయించితిమి. చెరువు త్రవ్విన వృత్తాంతము, కరవునాటి గంజికేంద్రము, ఇంటిపేర్ల పుట్టుక అందు గలవు. ముద్రణాలయమువారు దాని వర్డు ఫైలును మాకొక సీడీలో నిచ్చిరి. 2019లో పునర్ముద్రింపదలచి క్రొత్త కంప్యూటరున దానిని తెరువగా, పుటలనిండ ఆంగ్లవర్ణముల గందరగోళమే. నాటి ముద్రణాలయము మూతపడినది. అచ్చుప్రతులు చెదలపాలైనవి, మిగిలిన యొక్క ప్రతిలో పదునాలుగు పుటలు లేవు. చెప్పిన నలుగురిలో ముగ్గురు గతించిరి. ఒక యువకుడు మొత్తము నెన్నుకొని క్రొత్త తెలుగు ఫాంటునకు మార్చిచూచెను, ఫలము లేకపోయెను. లోపలి సంఖ్యలు ఆంగ్లమువైనపుడు క్రొత్త ఫాంటు వానికి ఆంగ్లరూపమునే యిచ్చును గదా. తుదకు, వర్డులో ఫాంటు పేరు చూపు గడియందు నాటి ఫాంటు పేరు నిలిచియుండుట గమనించితిమి. ఫాంటు యంత్రములో లేకున్నను దాని పేరు ఫైలులో నుండును. ఆ పేరుగల ఫాంటును పొరుగూరి డీటీపీ కేంద్రమునుండి తెచ్చి చేర్చినంతనే చెరువు కథ మొదటి పంక్తినుండి కనబడినది. పిమ్మట పాత ఫాంటు వ్రాతను క్రొత్త పద్ధతికి మార్చు పరివర్తకముచేత మార్చి, తప్పులు దిద్దుకొంటిమి.

ఆ క్రొత్త పద్ధతియే యూనికోడు. 1991లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున యూనికోడ్ కన్సార్టియం అను సంస్థ యేర్పడి, ఆ సంవత్సరము అక్టోబరులోనే తన ప్రమాణపు మొదటి సంపుటమును వెలువరించినది. లోకమందలి లిపులన్నిటికిని ఒకే పట్టిక, ఎవరి స్థానము వారికే, పీఠముల యాక్రమణ లేదు. భారతీయ లిపులకు 1988 నాటి ఇస్కీ క్రమమునే అది గ్రహించినది. తెలుగునకు 3072 మొదలు 3199 వరకు 128 స్థానములు గలవు. మన ‘క’ 3093. కన్నడపు ‘క’ సరిగా 128 స్థానముల తరువాత, అనగా 3221. సోదరలిపుల వర్ణమాల లొకే క్రమమున నడచుట ఇందు చూడవచ్చును. ప్రాచీన చిహ్నములకును తరువాత చోటు దొరకినది. దంత్యములగు ౘ, ౙ లును, అవగ్రహమును, పూర్వపు కొలతలలోని భిన్నముల గుర్తులును 2008లో చేరినవి. నకారపొల్లు 2021లో చేరినది.

సంఖ్యలు కుదిరినను వానిని కూర్చి చూపు నేర్పు యంత్రమునకు రావలెను. విండోసు 2000లో దేవనాగరికిని తమిళమునకును ఆ నేర్పు వచ్చినది. తెలుగునకు 2001 నాటి విండోసు ఎక్స్‌పీతో, గౌతమి యను ఫాంటుతో వచ్చినది. తిరుమల కృష్ణదేశికాచారిగారు పోతన, వేమన యను పేర్లతో యూనికోడు ఫాంటులను కూర్చి లోకమునకిచ్చిరి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా యారంభమైనది. నేడు గిడుగు, గురజాడ, మండలి, సూరన మొదలగు పేర్లతో ఫాంటులు వెల లేకయే లభించుచున్నవి.

కూర్చు నేర్పు ఎంత సున్నితమైనదో 2018 ఫిబ్రవరిలో తెలిసినది. ‘జ్ఞా’ యను అక్షరమును, నడుమ కంటికి కనబడని యొక విభాజకముతో వ్రాసి పంపగా, దానిని చూపబోయిన ఆపిల్ సంస్థవారి ఫోనులందును కంప్యూటరులందును సందేశసాధనములు కుప్పకూలినవి. జ్ఞానమునకు మొదటి యక్షరమే ప్రమాదకరమైనదని లోకము నవ్వినది. దోషము అక్షరమున లేదు. దానిని కూర్చు సాధనమున నున్నది. ఆ నెల 19వ తేదీననే ఆ సంస్థ దానిని సవరించినది.

ఇక చికిత్స. చరిత్ర తెలిసినది గావున లక్షణమును చూచి రోగము చెప్పవచ్చును.

ఖాళీ గళ్ళు కనబడినచో, సంఖ్యలు క్షేమము. రూపమిచ్చు ఫాంటు మాత్రము లేదు. ఒక యూనికోడు తెలుగు ఫాంటును తెచ్చి, ఆ ఫైలుపై రెండుమార్లు నొక్కి, ఇన్‌స్టాల్ అనుదానిని నొక్కినచో చాలును. ఫాంటు యంత్రములో నున్నను గళ్ళు కనబడినచో, వ్రాత నెన్నుకొని ఆ తెలుగు ఫాంటు పేరును నిర్దేశింపవలెను.

ఆంగ్లపు గందరగోళము కనబడినచో, అది పాత ముద్రణాలయపు ఫాంటుతో వ్రాసినదై యుండును. ఫైలు ఏ సంవత్సరమునాటిదో చూడవలెను. 1990కిని 2010కిని నడిమిదైనచో ఈ యనుమానము దృఢము. పైన జెప్పినట్లు ఫాంటు పేరు కనుగొని, దానిని సంపాదించి, పిమ్మట యూనికోడునకు మార్చవలెను.

నెత్తిపై వాలుగీతగల ఆంగ్లపు ‘ఎ’ వర్ణమును, దాని ప్రక్క చిన్న సున్నయు మాటిమాటికి కనబడినచో, అది మూడవ రోగము. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనువారు యూనికోడు సంఖ్యలను దాచుటకు యూటీఎఫ్-8 అను పద్ధతిని కల్పించిరి. అందు ప్రతి తెలుగు వర్ణమునకును మూడు బైటులు పట్టును. చదువు సాధనము ఆ మూటిని మూడు వేర్వేరు పాశ్చాత్యవర్ణములుగా భ్రమించినచో ఈ వికారము పుట్టును. పట్టికల ఫైలులను ఎక్సెల్‌లో తెరచినపుడు ఇది తరచుగా జరుగును. నేరుగా తెరువక, డేటా అను శీర్షిక క్రింది టెక్స్ట్ నుండి తెచ్చుకొను మార్గమున బోయి, 65001 యూటీఎఫ్-8 అనుదానిని ఎన్నుకొన్నచో అక్షరములు కుదురుకొనును. లిబ్రెఆఫీసు అను ఉచితసాధనము అట్టి ఫైలును తెరచునప్పుడే ఏ పట్టిక యని మనల నడుగును.

ఒత్తులు తొలగి నిలిచినచో, సాధనము పాతది. కూర్చు నేర్పు దానికి లేదు. అదే ఫైలును క్రొత్త వర్డులోనో లిబ్రెఆఫీసులోనో తెరచి చూడవలెను.

అన్నిటికిని ముందు పాటింపవలసినది ఒకటి గలదు. అక్షరములు చెదరి కనబడినపుడు ఆ ఫైలును ‘సేవ్’ చేయరాదు. మూయునపుడు మార్పులు దాచవలెనా యని యంత్రమడిగినచో వలదనవలెను. ముందుగా మూలమునకొక నకలు తీసి వేరుగా నుంచి, నకలుపైననే ప్రయత్నములు చేయవలెను. వైద్యుడు తడబడినను మూలము చెడకుండును.

పెద్దలారా, ఆ ఇరువదియేండ్లలో మన గ్రామములలో వ్రాయబడినది కొంచెము కాదు. దేవాలయ శాసనముల ప్రతులు, వంశవృక్షములు, సహకారసంఘముల చరిత్రలు, గతించిన కవుల శతకములు పాత సీడీలలోను అటకలపై గల కంప్యూటరులలోను నున్నవి. పిల్లలు వానిని తెరచి, అర్థముకాని గీతలు చూచి పారవేయుచున్నారు. పారవేయకముందు ఒక్కమారు మీకు చూపుడని చెప్పుడు. ఫాంటు పేరు వ్రాసియుంచుడు. నాటి డీటీపీ పనివారు మీ ప్రాంతమున నింకను గలరేని వారిని కలసికొనుడు. ఆ ఫాంటులును వారితోడనే మరుగుపడవచ్చును.