రెండు హాజరు పట్టీలు: మా నాయనమ్మ టీచరమ్మ

మాది చీమకుర్తి, మేము ఎరుకల వాళ్ళం. పోయిన సంవత్సరం చనిపోయిన మా నాయనమ్మ గురించి రాస్తున్నాను. ఆమె రిటైర్డ్ టీచర్. మనలో చాలా ఇళ్ళ చరిత్ర ఇందులో ఉంది, కొంచెం పెద్దదైనా చదవండి.

నాయనమ్మ వాళ్ళ నాన్న కూడా హాజరు పలికేవాడంట. బడిలో కాదు, పోలీసుల దగ్గర. బ్రిటిష్ వాళ్ళు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మార్చాక మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. మన జిల్లాలు అప్పుడు మద్రాసు కిందే ఉండేవి. తప్పు చేశాడా లేదా అని చూసేది లేదు, ఆ తెగలో పుట్టినందుకే రిజిస్టర్లో పేరెక్కించేవాళ్ళు. వేలిముద్రలు ఇవ్వాలి, చెప్పిన వేళకు కనబడాలి, ఊరు దాటాలంటే చెప్పి పోవాలి.

అంతకుముందు మనవాళ్ళు సముద్రం ఒడ్డు నుంచి ఉప్పు తెచ్చి, గాడిదల మీద, ఎద్దుల మీద లోపలి ఊళ్ళకు తీసుకెళ్ళి ధాన్యానికి మార్చేవాళ్ళు. బుట్టలు అల్లేవాళ్ళు, ఎరుక చెప్పేవాళ్ళు. రైళ్ళు వచ్చాయి, ఉప్పు మీద సర్కారు పెత్తనం పెరిగింది, ఆ వ్యాపారం పోయింది. తిరిగి బతికేవాళ్ళను దొంగలన్నారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్మెంట్ అట్లా పుట్టిందే. సాల్వేషన్ ఆర్మీ దాన్ని నడిపింది. అక్కడి వాళ్ళను చీరాల పొగాకు కంపెనీలో పనికి పెట్టారు. మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతా 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. చట్టం పోయింది గానీ ఆ మచ్చ పోలేదు.

నాయనమ్మ 1950లో పుట్టింది. చదువుకునేటప్పుడు క్లాసులో ఎవరి పలక పోయినా ముందు ఆమె సంచే వెతికేవాళ్ళంట. అయినా బడి మానలేదు. ట్రైనింగ్ చేసి, మన జిల్లాకు ప్రకాశం పేరు పెట్టిన 1972లోనే టీచరైంది. 2008లో రిటైరైంది. 36 ఏళ్ళు పొద్దున్నే హాజరు పట్టీ తెరిచి పిల్లల పేర్లు పిలిచింది.

మిరప కోతలు, పత్తి తీతలు వస్తే సగం క్లాసు ఖాళీ. గ్రానైట్ క్వారీలు పెరిగాక వేరే ఊళ్ళ కూలీల పిల్లలు కూడా వచ్చేవాళ్ళు, చెప్పకుండానే వెళ్ళిపోయేవాళ్ళు. రాని పిల్లల పేర్లు కొట్టేయమని పైవాళ్ళు చెప్పినా ఆమె కొట్టేది కాదు. ఆదివారం మిరప చేలల్లోకి పోయి పిల్లల్ని కనుక్కునేది. "పేరుంటే పిల్ల ఎప్పటికైనా వస్తది" అనేది.

ఇంకో పని కూడా చేసింది. బడిలో చేర్పించేటప్పుడు మనవాళ్ళు కులం చెప్పడానికి భయపడేవాళ్ళు. పాత రిజిస్టర్ భయం అది. నాయనమ్మ పక్కన కూర్చోబెట్టుకొని, "ఈ రిజిస్టర్ వేరు, ఉన్నదున్నట్టు చెప్పండి" అని ఎరుకల అనే రాసేది. తర్వాత ఎస్టీ సర్టిఫికెట్ కోసం తిరిగినప్పుడు ఎంతోమందికి ఆ ఒక్క లైనే ఆధారమైంది. నా హాస్టల్ సీటుకు కూడా మా నాన్న బడి రికార్డే పనికొచ్చింది.

అందరి పిల్లల్నీ చదివించిన ఆమెకు మా నాన్న విషయంలో చివరిదాకా బాధ ఉండేది. తాతకు జబ్బు చేస్తే నాన్న పదో తరగతితో ఆపి గ్రానైట్ ఫ్యాక్టరీకి పోయాడు. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనే మొదట. రాత్రి అన్నాలప్పుడు నాయనమ్మ మా మనవళ్ళ పేర్లు వరసగా పిలిచేది, "ప్రెజెంట్ టీచర్" అంటేనే కంచంలో అన్నం పెట్టేది. మేము నవ్వేవాళ్ళం. వాళ్ళ నాన్న ఏ హాజరు పలికాడో నాకు తెలిసింది ఇంటర్లో.

సెలవులకు ఇళ్ళకు పోయినప్పుడు మీ అవ్వల్ని, తాతల్ని కూర్చోబెట్టి అడగండి. పోలీసు హాజరు గురించి విన్నారా, బడిలో మొదట ఎవరి పేరు రాయించారు, ఎవరు రాశారు అని. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసి ఇక్కడ పెట్టండి.