కొండమట్టిని పట్టిన పాప్లార్

న్యూజిలాండ్ దేశంలో గొర్రెల మేతకోసం కొండల మీది అడవిని నరికేశారు. పాత వేళ్లు కుళ్లిపోయాక, పెద్ద వానలకు మట్టి జారి లోయల్లో పడింది. 1941లో అక్కడ భూసంరక్షణ చట్టం వచ్చింది. పాప్లార్ కొమ్మలను 3 మీటర్ల గుంజలుగా కోసి వాలులో పాతారు. చిగురు గొర్రెకు అందలేదు. మేత సాగింది, వేళ్లు మట్టినీ పట్టుకున్నాయి.

అయితే ఒకే చెట్టు కొమ్మలకు ఒకే గుణం. ఒకదానికి సోకిన తెగులు అన్నిటికీ సోకుతుంది. 1973లో కుంకుమ తెగులు వచ్చి, తట్టుకోలేని రకాల ఆకులన్నీ రాల్చింది. తరువాత వెరోనీస్, కావా వంటి సంకర రకాలు నాటి కొండలను కాపాడుకున్నారు.

కనుక మీ గట్లమీద చెట్లు నాటేటప్పుడు ఒక్క రకాన్నే నమ్ముకోకండి. రెండుమూడు రకాలు కలిపి నాటండి. చెట్టు పోతే మళ్లీ నాటవచ్చు, కొట్టుకుపోయిన మట్టి తిరిగి రాదు.