హైదరాబాద్ టు దుబాయ్: ఎంత దూరం? ఎన్ని గంటలు? టికెట్‌లో టైమ్ చూసి తికమక పడొద్దు!

హైదరాబాద్ నుంచి దుబాయ్‌కు ఆకాశమార్గంలో దూరం దాదాపు 2,550 కిలోమీటర్లు. శంషాబాద్‌లో బయల్దేరిన డైరెక్ట్ ఫ్లైట్ అరేబియా సముద్రం మీదుగా సుమారు 4 గంటల్లో దుబాయ్ చేరుతుంది. తిరుగు ప్రయాణంలో మాత్రం కాస్త తక్కువే, దాదాపు మూడున్నర గంటలు. పడమర నుంచి తూర్పుకు వీచే పైగాలులు వచ్చేటప్పుడు విమానాన్ని ముందుకు తోస్తాయి. వెళ్లేటప్పుడు ఎదురవుతాయి.

మరి టికెట్‌లో రెండున్నర గంటలే కనిపిస్తుందేంటి? దుబాయ్ టైమ్ మనకంటే గంటన్నర వెనక. టికెట్‌పై ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే వేస్తారు. ఇక్కడ ఉదయం 4 గంటలకు ఎక్కితే అక్కడి గడియారంలో 6:30కి దిగుతారు. అక్కడ రాత్రి 10 గంటలకు ఎక్కితే ఇక్కడికొచ్చేసరికి తెల్లవారుజామున 3 అవుతుంది.

అసలు జాగ్రత్త తేదీ విషయంలో! టికెట్‌పై 15వ తేదీ 00:30 అని ఉంటే, 14వ తేదీ రాత్రి 9:30కే ఎయిర్‌పోర్టులో ఉండాలి. 15 రాత్రి వెళ్తే ఫ్లైట్ పోయినట్టే. టికెట్ డబ్బులతో పాటు ఒక్కోసారి డ్యూటీలో చేరే గడువూ పోతుంది.

జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు నుంచి వచ్చేవాళ్లు రోడ్డు ప్రయాణాన్నీ లెక్కేసుకోవాలి. చెకిన్ కౌంటర్లు సాధారణంగా గంట ముందే మూసేస్తారు. ఇంట్లోవాళ్లకు టికెట్ చూపించి, బయల్దేరే రాత్రి ఏదో ముందే ఖాయం చేసుకోండి.