యుద్ధం ఎక్కడిదైనా లెక్క రేవులోనే: ప్రభుత్వ తటస్థతపై విశాఖ సాక్ష్యం

యారాడ కొండకు ఒక పక్క విశాఖ ఓడరేవు ప్రవేశ కాలువ, తూర్పు నౌకాదళం, హిందుస్థాన్ షిప్‌యార్డు, మల్కాపురం చమురుశుద్ధి కర్మాగారం. రెండో పక్క యారాడ ఊరు, దాని తీరం. ఆ తీరం వెంట దక్షిణంగా పోతే గంగవరం రేవు, ఆ వెనక ఉక్కు కర్మాగారం. పరదేశాల స్నేహాలతో, వైరాలతో ముడిపడని చరిత్ర వీటిలో వెతికినా దొరకదు. విదేశీ యుద్ధంలో ప్రభుత్వం ఇరుపక్షాలనూ సమదృష్టితో చూడాలా అన్న చర్చ మన దగ్గర న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితి (ఐరాస)లో పడిన ఓటుతో మొదలై ఢిల్లీ ప్రకటనతో ముగుస్తుంది. ఈ వ్యాసం ఆ చర్చను కొండ దగ్గరికి తెస్తుంది. పోరాడే పక్షాల పట్ల సమదృష్టి సబబే, చాలాసార్లు అవసరం కూడా అన్నది నా వాదన. అయితే అది నిజంగా ఉందో లేదో ఓటు తేల్చలేదు. రేవులో దిగిన సరుకు, ఎక్కిన సరుకు, దానికిచ్చిన అనుమతి పత్రం తేల్చాలి.

ఇది కొత్త ప్రమాణమేమీ కాదు. తటస్థ దేశాల విధులను నిర్ణయించిన 1907 నాటి హేగ్ ఒప్పందాలు ఉపన్యాసాల గురించి పెద్దగా పట్టించుకోలేదు, రేవుల గురించి పట్టించుకున్నాయి. వేరే నిబంధన లేనిచోట పోరాడే దేశపు యుద్ధనౌక తటస్థ రేవులో 24 గంటలకు మించి ఉండరాదు. సొంతదేశపు దగ్గరి రేవు చేరేందుకు సరిపడా ఇంధనమే నింపుకోవాలి. మరమ్మతు సముద్రయానానికి పనికొచ్చేంత వరకే, పోరాట శక్తి పెంచేలా ఉండకూడదు. తటస్థ ప్రభుత్వం తానుగా ఆయుధాలు ఇవ్వరాదు. ప్రైవేటు వ్యాపారి అమ్మకాన్ని ఆపి తీరాలని మాత్రం ఆ ఒప్పందాలు అనలేదు. ఆ సందు ఈ నాటికీ పెద్దదే, దాని సంగతి చివర్లో చూద్దాం.

తటస్థంగా ఉండాలంటే ముందు నిర్ణయం మనదై ఉండాలి. 1939 సెప్టెంబరులో వైస్రాయి లిన్‌లిత్‌గో భారతదేశాన్ని ఎవరినీ అడక్కుండా రెండో ప్రపంచ యుద్ధంలోకి దించాడు. నిరసనగా మద్రాసులో రాజాజీ మంత్రివర్గంతో సహా కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ రేవు మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. 1933లో రాకపోకలు మొదలైన రేవు, 1941లో వాల్‌చంద్ హీరాచంద్ సంస్థ పునాది వేయించిన షిప్‌యార్డు అప్పటికి లేత వయసులోనే ఉన్నాయి. జనం ఊరు వదిలి పల్లెలకు పారిపోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. ఆ యుద్ధం న్యాయమైనదా కాదా అన్న విషయంలో తెలుగు నాయకుల్లోనే ఏకాభిప్రాయం లేదు. సోవియట్ మీద హిట్లర్ దాడి చేశాక కమ్యూనిస్టులు సామ్రాజ్యవాద యుద్ధమన్నదాన్నే ప్రజాయుద్ధమన్నారు. ఏ పక్షం ఏమన్నా, విశాఖవాసిని అడిగినవాడు లేడు. స్వాతంత్ర్యం తర్వాత వచ్చిన అలీన విధానానికి మూలం ఆదర్శవాదం అని మాత్రమే చెప్పేవారు ఈ అనుభవాన్ని తక్కువ చేస్తున్నారు. మన రేవు ఎవరి యుద్ధానికి తెరవాలో మనమే తేల్చుకుంటాం అన్నది అందులోని అసలు పట్టుదల.

కొరియా: మాట్లాడిన తటస్థత

ఆ పట్టుదల మేలుచేసిన ఉదాహరణ చెప్పమంటే నేను కొరియా యుద్ధాన్నే చెబుతాను. 1931 నుంచి 1936 వరకు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1949-52 మధ్య మాస్కోలో భారత రాయబారి. 1950 జులైలో నెహ్రూ స్టాలిన్‌కూ అమెరికా విదేశాంగ మంత్రి అచెసన్‌కూ రాజీ కోరుతూ సందేశాలు పంపాడు. మాస్కో వైపు సంప్రదింపులు నడిచింది రాధాకృష్ణన్ ద్వారానే. స్టాలిన్ సుముఖంగా బదులిచ్చాడు, అచెసన్ తోసిపుచ్చాడు. ప్రయత్నం ఫలించలేదు గానీ భారత్ నోరు మూసుకోలేదు. అంతకుముందే, 1950 జూన్ 25న, ఉత్తర కొరియా దాడిని తప్పుబట్టిన భద్రతామండలి తీర్మానానికి అనుకూలంగా ఓటేసింది. 1951 ఫిబ్రవరిలో చైనాను దురాక్రమణదారుగా ముద్రవేసే తీర్మానానికి వ్యతిరేకంగా వేసింది. సైన్యాన్ని పంపమంటే వైద్యదళాన్ని పంపింది. 1953లో యుద్ధఖైదీల వ్యవహారం చూసే తటస్థ దేశాల సంఘానికి జనరల్ తిమ్మయ్య అధ్యక్షుడయ్యాడు. స్వదేశాలకు వెళ్లనన్న 22 వేలకు పైగా ఖైదీల బాధ్యత భారత సైనికుల మీద పడింది. ఇరువైపులా తిట్లు తిన్నా ఆ పనికి ఇరుపక్షాలూ ఒప్పుకున్న దేశం మనదే. ఎవరు తప్పుచేస్తే వారిని తప్పన్నాం, ఇద్దరితోనూ మాట తెంచుకోలేదు. సమదృష్టికి నేనిచ్చే అర్థం ఇదే.

రెండు సార్లు 104

1971 డిసెంబరు 3-4 రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు ముఖద్వారానికి కొద్ది దూరంలో మునిగిపోయింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్లనని మన నౌకాదళం, సొంత మందుపాతర పేలడం వల్లనని పాకిస్తాన్ అంటూ వచ్చాయి. ఆ వివాదం కంటే నాకు ముఖ్యమనిపించేది ఘాజీ పుట్టుక. అది అమెరికా నౌకాదళపు డయాబ్లో. 1960ల తొలి సగంలో పాకిస్తాన్‌కు అరువిచ్చారు. 1965 యుద్ధంలో ఇరుదేశాలకూ ఆయుధాలు ఆపేశామని, తాము నిష్పక్షపాతులమని అమెరికా చెప్పుకుంది. ఆ ‘నిష్పక్షపాతి’ ఇచ్చిన ఓడే ఆరేళ్ల తర్వాత విశాఖ గుమ్మం దాకా వచ్చింది. ఆర్కే బీచ్‌లో ఇప్పుడు ప్రదర్శనశాలగా ఉన్న ఐఎన్ఎస్ కుర్సురా 1969 డిసెంబరులో సోవియట్ రేవు రీగాలో మన దళంలో చేరింది. ఒకే యుద్ధంలో ఒకవైపు అమెరికా జలాంతర్గామి, మరోవైపు సోవియట్ జలాంతర్గామి. ఆయుధం ఇచ్చినవాడి తటస్థత గురించి మాట్లాడబోయే ముందు విశాఖ సముద్రం అడుగున ఉన్న ఆ శిథిలాన్ని తలచుకోవాలి.

1971 డిసెంబరు 7న ఐరాస సాధారణ సభ కాల్పుల విరమణ, సైన్యాల ఉపసంహరణ కోరుతూ తీర్మానం చేసింది. అనుకూలం 104, వ్యతిరేకం 11, ఓటింగ్‌కు దూరం 10. తూర్పు బెంగాల్లో నరమేధం చేసినవాడినీ, కోటిమంది శరణార్థులను మోసినవాడినీ ఒకే గాటన కట్టారని భారత్ మండిపడింది. న్యాయమైన కోపమే. భద్రతామండలిలో సోవియట్ వీటో మనల్ని కాచింది.

1979 జూన్‌లో విశాఖ ఉక్కు కర్మాగారానికి సహాయం చేసే ఒప్పందం మీద సోవియట్ యూనియన్ సంతకం చేసింది. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అంటూ 1966లో 32 మంది ప్రాణాలు పోయాక, 1970లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించాక, 1971లో పునాదిరాయి పడ్డాక ఎనిమిదేళ్లపాటు కదలని పని ఈ సంతకంతో కదిలింది. సరిగ్గా ఆరు నెలలకు, డిసెంబరు చివర్లో, సోవియట్ సైన్యం ఆఫ్ఘనిస్తాన్‌లో దిగింది. 1980 జనవరి 14న సాధారణ సభ విదేశీ సైన్యాలు వెళ్లిపోవాలంది. ఈసారీ అనుకూలం 104. వ్యతిరేకం 18, దూరంగా ఉన్నవి 18. ఆ దూరంగా ఉన్నవాటిలో భారత్ ఒకటి. అంతకు రెండు మూడు రోజుల ముందు ఐరాసలో మన ప్రతినిధి చదివిన ప్రకటన సోవియట్ మాటను దాదాపు ఉన్నదున్నట్టు నమ్మింది. ఢిల్లీ అసంతృప్తి నాలుగు గోడల మధ్యే ఉండిపోయింది. ఆ జనవరిలోనే విదేశాంగ మంత్రిగా వచ్చిన పి.వి. నరసింహారావు ఈ బరువును 1984 దాకా మోశారు. 1992 ఆగస్టు 1న ప్రధానిగా ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేసింది కూడా ఆయనే. అప్పటికి సోవియట్ యూనియన్ లేదు.

ఉక్కు కోసం ఆఫ్ఘనిస్తాన్‌ను అమ్ముకున్నామని నేననడం లేదు. అలాంటి లావాదేవీకి ఆధారం లేదు, ఆయుధాలు, పాకిస్తాన్ భయం, 1971 నాటి భారత-సోవియట్ మైత్రీ ఒప్పందం అంతకంటే పెద్ద కారణాలు. నేననేది వేరు. ఎనిమిదేళ్ల తేడాలో మన దేశం ఒకే సంఖ్యను రెండువైపుల నుంచీ చూసింది. మనం బాధితులతో నిలబడ్డప్పుడు సమదృష్టి అన్యాయంగా తోచింది, మన మిత్రుడు దాడి చేసినప్పుడు వివేకంగా తోచింది. ఉక్కు వల్ల బాగుపడ్డ గాజువాక కుటుంబాలకు గానీ, ఆ రోజుల్లో సంపాదకీయాలు రాసినవారికి గానీ ఇది పెద్దగా పట్టినట్టు లేదు. మిత్రుడి తప్పు దగ్గర సడలిపోయేదాన్ని సమదృష్టి అనలేం. దాని పేరు మొహమాటం.

చమురు ఎవరికి, సుంకం ఎవరికి

మాటకూ సరుకుకూ మధ్య ఎడం బట్టబయలైన సందర్భం 1991 జనవరి. గల్ఫ్ యుద్ధంలో శాంతి కోరుతున్నామంటూనే చంద్రశేఖర్ ప్రభుత్వం అమెరికా సైనిక విమానాలను బొంబాయి, మద్రాసు, ఆగ్రాల్లో ఇంధనం నింపుకోనిచ్చింది. సంగతి బయటపడి రాజీవ్ గాంధీ అభ్యంతరం చెప్పాక ఆగింది. అంతకుముందు నెలల్లోనే కువైట్ నుంచి లక్షకు పైగా భారతీయులను, అందులో కడప, గోదావరి జిల్లాల కూలీలెందరినో, విమానాల్లో తెచ్చుకోగలిగామంటే ఇరాక్‌తో మాట మిగిలి ఉండబట్టే. సమదృష్టి వల్ల వచ్చిన మేలు కళ్ల ముందుండగానే దానికి తూట్లు పొడిచారు.

ఉక్రెయిన్ విషయంలోనూ మేలు కనబడింది. 2022 మార్చి 2న సాధారణ సభలో 141 దేశాలు రష్యాను తప్పుబట్టినప్పుడు దూరంగా ఉన్న 35లో భారత్ ఒకటి. ఆ రోజుల్లోనే ఆపరేషన్ గంగ పేరుతో 22 వేలకు పైగా జనాన్ని, వారిలో మన వైద్య విద్యార్థులను, ఇరు రాజధానులతోనూ మాట్లాడి తీసుకొచ్చారు. విశాఖలో 2024 ఫిబ్రవరి మిలన్ నౌకా విన్యాసాలకు రష్యా నౌక వర్యాగ్, అమెరికా నౌక హాల్సీ రెండూ వచ్చాయి. ఆతిథ్యంలో ఆ సమానత ముచ్చటగానే ఉంది.

చమురు దగ్గరికొస్తే లెక్క మారుతుంది. మల్కాపురం శుద్ధి కర్మాగారం 1957లో అమెరికన్ కాల్టెక్స్‌గా మొదలై, 1970లలో జాతీయమై, హిందుస్థాన్ పెట్రోలియం చేతికి వచ్చింది. 2022 మార్చిలో ఆ సంస్థ 20 లక్షల పీపాల రష్యా ముడిచమురు కొన్నట్టు వార్తలొచ్చాయి. యుద్ధానికి ముందు మన దిగుమతుల్లో రెండు శాతం దాటని రష్యా వాటా రెండేళ్లలో మూడో వంతు మించింది. చౌకచమురు కొనడం పేద దేశపు హక్కే, నేను తప్పుపట్టను. కానీ ఆ చౌక ఎవరికి దక్కింది? 2022 మే నుంచి 2024 మార్చి దాకా బంకులో పెట్రోలు ధర ఇంచుమించు కదల్లేదు, కదిలినప్పుడు తగ్గింది రెండు రూపాయలు. ఇక మూల్యం సంగతి. రష్యా చమురు కొంటున్నందుకు అమెరికా అదనంగా వేసిన 25 శాతం సుంకం 2025 ఆగస్టు 27న అమల్లోకి వచ్చి మొత్తం 50 శాతానికి చేరింది. దెబ్బ తగిలినవారిలో ముందున్నది ఆంధ్ర రొయ్య రైతు. మన వనామీ రొయ్యకు పెద్ద బజారు అమెరికా, అది ఓడెక్కే ప్రధాన రేవు విశాఖ. కౌంట్ ధర పడిపోతే ఉండి, భీమవరం చెరువుల దగ్గర గోల పుట్టింది. విదేశాంగ విధానపు ఖర్చు ఒక చెరువు గట్టు మీద పడటం, దాని లాభం మరెక్కడో చమురు కంపెనీ పద్దులో చేరడం తటస్థత మీద చర్చల్లో ఎప్పుడూ రాని అంశం.

హైదరాబాద్ నుంచి గాజా

హేగ్ ఒప్పందాలు వదిలిన సందు ఇక్కడ తేలుతుంది. గాజాపై 2023 అక్టోబరు 27న సాధారణ సభలో భారత్ ఓటింగ్‌కు దూరంగా ఉంది, డిసెంబరు 12న కాల్పుల విరమణకు అనుకూలంగా వేసింది, 2025 జూన్ 12న మళ్లీ దూరమైంది. ఈ ఓట్లను బట్టి విధానం ఏమిటో చెప్పమంటే నాకు చేతకాదు. హైదరాబాద్‌లో 2018 డిసెంబరులో మొదలైన అదానీ-ఎల్బిట్ కర్మాగారంలో హెర్మెస్ 900 డ్రోన్లు తయారవుతాయి. అక్కడి నుంచి ఇజ్రాయెల్‌కు సరఫరా జరిగిందని 2024 ఫిబ్రవరిలో పత్రికలు రాశాయి. ఆ మేలో మద్రాసు నుంచి ఇజ్రాయెల్‌కు పేలుడు పదార్థాలతో వెళ్తున్న ఓడను స్పెయిన్ తన రేవులోకి రానివ్వలేదు. ఇలాంటి ఎగుమతుల అనుమతులు రద్దు చేయాలన్న వ్యాజ్యాన్ని 2024 సెప్టెంబరు 9న సుప్రీంకోర్టు కొట్టేసింది. విదేశాంగ విధానంలో తలదూర్చలేమంది.

కోర్టు వైఖరి చట్టపరంగా అర్థమవుతుంది. దాని ఫలితమే చిక్కు. ఆయుధ ఎగుమతికి అనుమతి ఇచ్చేది కార్యనిర్వాహక వర్గం. అందుకు పార్లమెంటు ఆమోదం అక్కర్లేదు. న్యాయస్థానం చూడనంటుంది. ప్రైవేటు అమ్మకమే కదా అనడానికీ వీల్లేదు. 1907 నాటి వ్యాపారికి సర్కారు లైసెన్సు అక్కర్లేకపోయింది. నేటి వ్యాపారి అది లేకుండా ఒక్క పెట్టె కదిలించలేడు. లైసెన్సు ఇచ్చిన చేయి ప్రభుత్వానిదైనప్పుడు ఆ ఎగుమతి ప్రభుత్వ చర్యే.

తటస్థత దాడిచేసినవాడికే లాభం అనేవారి మాటలో నిజముంది. 1971లో మనం అన్నదీ అదే. అయినా ప్రతి యుద్ధంలో ఒక పక్షం చేరిపోవాలన్న వాదాన్ని నేను ఒప్పుకోలేను. కొరియా ఖైదీలు, కువైట్ కూలీలు, ఉక్రెయిన్ విద్యార్థులు దానికి అడ్డుపడతారు. చర్చలకు తలుపు తెరిచి ఉంచడం, రేవులో ఇద్దరికీ ఒకే మర్యాద, పౌరుల చావును ఎవరు చేసినా తప్పనడం, పోరాడుతున్న ఏ దేశానికీ మారణాయుధం అమ్మకపోవడం. ఈ నాలుగూ కలిస్తేనే సమదృష్టి. నాలుగోది లేనప్పుడు మొదటి మూడూ ప్రసంగాలకే పనికొస్తాయి.

యుద్ధంలో ఉన్న దేశాలకు ఆయుధాలు, పేలుడు పదార్థాలు, వాటి విడిభాగాలు ఎగుమతి చేసేందుకు ఇచ్చిన ప్రతి అనుమతినీ ముప్పై రోజుల్లో పార్లమెంటు ముందుంచాలన్న నిబంధన తేవాలి. విశాఖ, అనకాపల్లి, హైదరాబాద్, సికింద్రాబాద్ పార్లమెంటు సభ్యులు, వారు ఏ పార్టీవారైనా, ఈ ప్రశ్న ముందుగా అడగవలసినవారు. అలాంటి సరుకు తయారయ్యేది హైదరాబాద్ ప్రాంతంలో, ఓడలు ఆగే రేవు ఉన్నది విశాఖలో.