జొన్నగటకయు నిద్రలేమియు

హైదరాబాదులోని తార్నాక కూడలికి చేరువగా, ఉస్మానియా విశ్వవిద్యాలయపు విశాల ప్రాంగణమునంటి యున్న జాతీయ పోషకాహార సంస్థను నేటివారు స్థూలకాయమునకును మధుమేహమునకును పథ్యము చెప్పు చోటుగా నెరుగుదురు. నిద్ర పట్టని మనుష్యుని రోగమూలమును అతని కంచములో వెదకిన పరిశోధనలు ఇక్కడనే సాగెనన్న సంగతి ఆ దారిన నిత్యము పోవువారిలో సైతము చాలమంది వినియుండరు.

నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను ఫర్మానాచే విశ్వవిద్యాలయము వెలసిన 1918వ సంవత్సరముననే, నీలగిరులలోని కూనూరు పాశ్చర్ సంస్థయందు రాబర్ట్ మెక్కారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధిని పరిశీలించుటకు ఒక చిన్న విభాగమును నెలకొల్పెను. ఆ బెరిబెరియు మనకు పరాయిది కాదు. మరపట్టిన తెల్లబియ్యమునకు మరిగిన ఉత్తర సర్కారుల ప్రజలనది విశేషముగా బాధించుచుండెను. 1928లో పోషకాహార పరిశోధనాలయమను పేరు దాల్చిన ఆ విభాగము 1958లో హైదరాబాదునకు తరలివచ్చెను. కొండల చల్లదనమును విడిచి దక్కను ఎండలోనికి వచ్చుట ఎవరికిని ప్రీతికరము కాకపోవచ్చును గాని, వ్యాధులు మాత్రము మైదానములందే యున్నవి. నేటి పేరు 1969లో వచ్చినది.

ఇచ్చట పరిశోధకుల కెదురైన వ్యాధి పెల్లాగ్రా. తెల్లవారకమునుపే ఇంత జొన్నగటకను పచ్చిమిరప కారముతోనో చింతపులుసుతోనో దిగమ్రింగి చేనికిపోయి, రాత్రికి తిరిగివచ్చి మరల ఆ గటకనే తిని, పప్పు పండుగనాటి వస్తువుగా, పాలు పరుల సొత్తుగా బ్రతుకు కూలివానికి, ఎండాకాలము ముదిరినకొలది ఎండ సోకు తావులందెల్ల, అనగా ముంజేతులపై, పాదములపై, మెడచుట్టును, చర్మము నల్లబారి, గరుకెక్కి, పొలుసులై రాలును, నాలుక ఎర్రనై మండును, విరేచనములు పట్టును. ఇవి కంటికి కనబడునవి. కనబడనిది వేరొకటి కలదు: మనస్సు క్రుంగును, ఊరక కోపము వచ్చును, రాత్రులు కంటిమీద కునుకు పట్టదు. చర్మము చూచి కుష్ఠమేమోయని జంకిన ఇంటివారు, నిద్రలేని చూపులను చూచి గాలి సోకినదని భూతవైద్యుని పిలుచుట ఆ కాలమున వింత కాదు. నగరమందలి మానసిక చికిత్సాలయమున చేరువారిలోను పెల్లాగ్రా రోగులుండిరి.

ఐరోపాలో ఈ వ్యాధి పాతది. స్పెయిను దేశపు గాస్పర్ కసాల్ దీనిని 1735లోనే గుర్తించెను. అమెరికాలో జోసెఫ్ గోల్డ్‌బర్గర్ ఇది అంటువ్యాధి కాదనియు ఆహారలోపమనియు నిరూపించెను. 1937లో కాన్రాడ్ ఎల్వెజెమ్ నికొటినిక్ ఆమ్లమను విటమిన్, కుక్కలలో దీనికి సాటియైన నాలుక నల్లబడు వ్యాధిని మాన్పునని కనిపెట్టెను. ఆ దేశములందు నేరము మొక్కజొన్నది: దానిలోని విటమిన్ శరీరమునకు చిక్కదు, విటమిన్‌గా మారదగిన ట్రిప్టోఫాన్ అను అమైనో ఆమ్లము దానిలో చాలదు. అయితే మన జొన్నలో ట్రిప్టోఫాన్ మొక్కజొన్నలో వలె అంత తక్కువ కాదు. మరి జొన్న తినువారికి ఈ రోగమేల? సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్యగార్లు 1960లో లాన్సెట్ పత్రికలో దీనికి సమాధానము చెప్పిరి. జొన్నలో లూసిన్ అను మరియొక అమైనో ఆమ్లము అధికము. ట్రిప్టోఫాన్ విటమిన్‌గా మారు మార్గమున, అరువది మిల్లీగ్రాములకు ఒక మిల్లీగ్రాము చొప్పున జరుగు ఆ స్వల్పవ్యాపారమున, అది అడ్డుతగులునని వారి సిద్ధాంతము. కుక్కలకు లూసిన్ పెట్టి, ఆ నాలుక నల్లబడు వ్యాధిని వాటిలో పుట్టించి చూచిరి.

నాకు ఇంతకంటెను ఆసక్తికరముగా తోచినది నిద్ర సంగతి. నిద్రను, మనస్స్థితిని నియమించు ద్రవ్యములలో నొకటియైన సెరటోనిన్ కూడ ఆ ట్రిప్టోఫాన్ నుండియే పుట్టును. 1960ల చివర ఈ సంస్థవారు పెల్లాగ్రా రోగులకు ఈఈజీ తీసి, మెదడు తరంగములు ప్రకృతిస్థితి తప్పియున్నట్లు చూపిరి. తరువాత డైరెక్టరు పదవినలంకరించిన కమలా కృష్ణస్వామిగారును సహచరులును 1970లో ఆ రోగుల రక్తపు ప్లేట్‌లెట్లలో సెరటోనిన్ తగ్గుటకును వారి మానసిక వికారములకును గల సంబంధమును ప్రకటించిరి. ఆ విటమిన్ రూపమైన నికొటినమైడ్ మాత్రలు పడిన కొలది దినములలోనే నాలుక మంట చల్లారి, మనస్సు కుదుటపడి, నిద్ర పట్టెడిది. మంత్రగానికి లొంగని గాలి మాత్రకు లొంగినదన్నమాట.

అంతకు కొంతకాలము ముందే, 1955లో, అమెరికా వైద్యుడు ఆల్బర్ట్ స్టంకార్డ్ రాత్రిభక్షణమను వ్యాధిని వర్ణించెను: ఉదయమున ఆకలి యుండదు, ప్రొద్దుగూకినపిమ్మట తిండియావ పెరుగును, నిద్ర రాదు. పరీక్షల రాత్రులందు హాస్టలు గదులలో మేల్కొని ఇరానీ చాయితోను బిస్కట్లతోను కాలక్షేపము చేయు విద్యార్థులకు ఇది కొంత పరిచితముగా తోచవచ్చును గాని, అలవాటు వేరు, వ్యాధి వేరు. రాత్రిభక్షణము కలిమిలో పుట్టిన నిద్రలేమి. గటక తినువారిది లేమిలో పుట్టినది. రెంటిని ఒకే గాటకట్టుట నాకు సమ్మతము కాదు.

పెల్లాగ్రాను తెలంగాణమునుండి పారద్రోలినది ప్రయోగశాల మాత్రమే అనుట అతిశయోక్తి యగును. జొన్నచేల విస్తీర్ణము తగ్గినది, కూలిరేట్లు కొంత పెరిగినవి, 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యమీయ సాగినది. కంచము మారినది, రోగము వెడలినది. నేడు నగరవాసి పప్పు, పెరుగు ప్రక్కనుంచుకొని తిను జొన్నరొట్టెకు ఆ దోషము లేదు, ఏలయన ఆ పప్పుపెరుగులే లోటు తీర్చును. ఇక లూసిన్ సిద్ధాంతము మాటకు వచ్చిన, దానిని అన్యదేశ పరిశోధకులు కొందరు తమ ప్రయోగములలో సమర్థింపలేకపోయిరి, తార్నాకవారు మాత్రము విటమిన్ బి6 పాత్రను గూర్చియు, లూసిన్ తక్కువగానున్న జొన్న రకములను గూర్చియు శోధన కొనసాగించిరి. ఆ వాదమును తేల్చుటకు వలసిన రోగులు వార్డులందు క్రమముగా కరవైపోయిరి.